త్రాగునీటి గొట్టము

మన యిండ్లలో నీటి బిందెకు జరుగు మర్యాద యింతింత కాదు. చింతపండు పెట్టి తోముదుము. మూతి కడిగి, పలుచని గుడ్డ కట్టి, నీరు వడపోసి నింపుదుము. పైన మూత, మూతపై చెంబు నుంతుము. ఆ చెంబును ఎంగిలి చేయి తాకరాదు. ఇంత శ్రద్ధ గల యిండ్లలోనే, ఆ బిందెలోనికి నీటిని దెచ్చు గొట్టము పెరటి బురదలో, ఎండలో, కుక్కల కాళ్ళక్రింద పడియుండును. గొట్టమును లోకము దారి యనుకొనును గాని పాత్ర యనుకొనదు. నిజమునకు గొట్టము పొడుగైన పాత్రయే. దానికి రెండువైపుల మూతి యున్నది; నడుమ కడుపున్నది; ఆ కడుపులో నీరు నిలుచును. బిందె కెంత శుచి కావలెనో దానికి నంత శుచి కావలెను. ఈ యొక్కమాట చెప్పుటకే ఈ వ్యాసము.

మా నివాసము నాదర్‌గుల్. హైదరాబాదు నగరము పెరిగి పెరిగి మా పొలిమేరను గలిసికొన్నది. ఒకవైపు చేలు, మరియొకవైపు అంతస్తుల మేడలు. అడుగున నున్నది గట్టి రాతినేల. వాననీరు ఇంకినను రాతి పగుళ్ళలోనే నిలువవలెను. అందుచేత చైత్రము ముగియునప్పటికి మా వీధి బోరుబావులు గాలి నూదనారంభించును. ఈ సీమకు దూరమునుండి నీరు దెచ్చుకొనుట క్రొత్తకాదు. 1908వ సంవత్సరపు మూసీ వరద తరువాత సంకల్పించిన ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. 2004లో కృష్ణమ్మ, 2015లో గోదారమ్మ గొట్టములలో నడచి నగరమునకు వచ్చినవి. అయినను నగరపు అంచున నున్న వీధులలో ఎండలు ముదిరినచో ట్యాంకరు రాక తప్పదు. మా వీధిలో అయిదిండ్లవారము కలిసి అయిదువేల లీటర్ల ట్యాంకరును దెప్పించుకొని, యింటికి వేయి లీటర్ల చొప్పున సంపులలో పోయించుకొనుచుంటిమి.

గడచిన వేసవిలో ఒకనాడు ట్యాంకరు వచ్చెను. దాని వెంట వచ్చు గొట్టము చేతిమణికట్టంత లావు గలది. పనివాడు దానిని వీధి పొడవున నీడ్చుకొని వచ్చుచుండగా కొస మోరీలో బడెను. అతడు దానిని పైకిలాగి, రెండుమార్లు విదిలించి, మా పొరుగింటి వదినగారి సంపులో దింపబోయెను. ఆ యింట వారి యమ్మాయి పురిటికి వచ్చి యున్నది. బిడ్డ పుట్టి యిరువది దినములు. మేము సంపు నోటికడ్డముగా నిలిచి, "తమ్ముడూ, ఆ కొస కడిగి పెట్టు నాయనా" యంటిమి. "ఏమైతదమ్మా? లోపటికెళ్ళి వచ్చేది నీళ్ళే గదా! నాకింకా నాలుగు ట్రిప్పులున్నయి. వద్దంటె చెప్పుండ్రి, పక్క గల్లీల పోసిపోత" నని యతడు పలికెను.

వీధిలోని స్త్రీలందరును ఆ మాటతో నూరకుండిరి. ఎవరిని తప్పుపట్టుదుము? మూడు దినములుగా నీరు లేదు. వెళ్ళిపోయెనా, మరల నెన్నడు వచ్చునో! శుచి కావలెనన్న నీరు పోవును. నీరు కావలెనన్న శుచి పోవును. ఆ రెంటి నడుమ నిలిచినపుడు గుండె దడదడలాడిన మాట వాస్తవము. ఇంతలో వదినగారు లోపలికి బోయి, పసిబిడ్డకొరకు కాచి చల్లార్చి దాచిన బిందె నీటిని దెచ్చి, ఒక్కమాటయైన పలుకక ఆ గొట్టపు కొసపై గుమ్మరించిరి. పనివాడు తెల్లబోయెను. తరువాత నతడే కొసను చేతబట్టి లోపల వెలుపల రుద్ది, ట్యాంకరు నీటిని కొంత నేలపాలు చేసి, పిమ్మట సంపులో దింపెను. అతడు చెడ్డవాడు కాడు. ట్రిప్పుల లెక్కన కూలి దొరకువానికి తీరిక యెక్కడిది? ఆ సాయంకాలమే మేము అయిదిండ్లవారము కూర్చుండి, వీధికి సొంత గొట్టము కొనవలెనని నిశ్చయించితిమి.

సంస్కృతమున నీటికి అమృతమను పేరు కలదు. విషమను మాటకును నీరను నర్థము కలదు. చిన్ననాడు మా నాయనగారు నిఘంటువు వల్లె వేయించునపుడు ఈ వింతను జూపి నవ్వెడివారు. ఆ రెండు పేర్లును నిజమేయని సంసారములో దిగిన పిదప తెలిసినది. హైదరాబాదు నగరమధ్యమున భోలక్‌పూరులో 2009వ సంవత్సరము మే నెలలో మురుగు కలిసిన నల్లానీరు త్రాగి పలువురు ప్రాణములు గోల్పోయిరి. శుద్ధి చేసి పంపిన నీరే దారిలో చెడినది. అమృతము విషముగ మారుట కెంతో దూరము పోనక్కరలేదు. గొట్టములోని నాలుగు బారలు చాలును.

ఇక గొట్టము నెన్నుకొను విధము. దుకాణమున పచ్చనివి, పసుపుపచ్చనివి, అద్దమువలె లోన గనబడునవి, చవుకవి, ప్రియమైనవి, అనేకములు వ్రేలాడుచుండును. వానిలో పెక్కింటిని పి.వి.సి. యను ప్లాస్టిక్కుతో చేయుదురు. ఆ ప్లాస్టిక్కు స్వభావముచే గట్టిది. వంగుటకొరకు దానిలో మెత్తపరచు రసాయనములు గలుపుదురు. వేడికి చెడకుండుటకు కొన్నిట సీసపు లవణములును గలుపుదురు. చవుక గొట్టములను పాత ప్లాస్టిక్కు తుక్కును కరిగించి చేయుటయు గలదు. చెట్లకు నీరు పట్టుటకు అవి చాలును, త్రాగునీటికి తగవు. ఎండలో గొట్టము కాగినకొలది దానిలోని రసాయనములు నీటిలోనికి దిగును. సీసమునకు రుచి లేదు, వాసన లేదు; కాచినను పోదు; పసివారి మెదడునకు హాని చేయును. 2021లో భారత ప్రభుత్వము పి.వి.సి. నీటిగొట్టములలోను వాని అతుకులలోను సీసమును క్రమముగా తొలగించుటకు నియమములు చేసినది. నియమమే పుట్టినదన్న ఈ భయము కల్పితము కాదు గదా!

కావున దుకాణదారుని "త్రాగునీటి కిచ్చు గొట్ట మేది?" యని యడుగవలెను. "ఫుడ్ గ్రేడ్" అను అక్షరములు గొట్టముపై ముద్రింపబడి యుండవలెను, నోటిమాట చాలదు. తెలుపు రంగు చూచి మోసపోరాదు. తెల్లని దెల్ల పాలు కానట్లే తెల్లని గొట్టమెల్ల త్రాగునీటి గొట్టము కాదు. లోన గనబడు గొట్టము ముచ్చటగ నుండును గాని దానిలోనికి వెలుగు చొచ్చి పాచి పెరుగును; వెలుగు చొరని గొట్టము మేలు. ముక్కునొద్ద బెట్టుకొన్న ఘాటైన ప్లాస్టిక్కు కంపు గొట్టుదానిని దిగవిడువవలెను. కొనిన పిదప నొక దినము దానిలో నీరు నింపి, కొసలు మూసి యెండలో నుంచి, మరునాడు ఆ నీటిని గిన్నెలో పట్టి వాసన చూడవలెను. కంపు గొట్టినచో దానిని తోటకు విడిచిపెట్టవలెను. ఈ పరీక్షకు సీసము దొరకదు గనుక ముద్ర చూచుటయు మానరాదు.

ఈ విషయమున పాశ్చాత్యుల ఆచార మొకటి మెచ్చదగినది. అమెరికా మొదలగు దేశములలో సెలవులకు బోవు కుటుంబములు కారు వెనుక చక్రములపై నడచు ఇల్లొకటి తగిలించుకొని పోవుదురు. అందులో వంటగది, పడక, స్నానపు గది యుండును. దిగినచోట నల్లానుండి యింటికి నీరు పట్టుటకు ఒక గొట్టము; మురుగు తొట్టిని కడుగుటకు వేరొక గొట్టము. త్రాగునీటి గొట్టము సాధారణముగ తెల్లనిదో నీలపుదో. కడుగుటకు వాడునది వేరు రంగు. ఈ రెంటిని ఒక్కపెట్టెలో నుంచరాదని వారి కట్టుబాటు. త్రాగునీటికి తగిన వస్తువులకు అచ్చట ఎన్.ఎస్.ఎఫ్. 61 అను ప్రమాణము గలదు. త్రాగునీరు తాకు ఇత్తడి అమరికలలో సీసము నూటికి పావువంతును మించరాదని 2014నుండి అమలులో నున్నది. వీరి మడి మన మడికేమి తీసిపోయినది?

ఇక కొలత. మా వారు బడిలో లెక్కలు చెప్పువారు గనుక ఈ భాగము వారిది. సన్నని అరయంగుళపు గొట్టముతో మా యింట ఇరువది లీటర్ల బిందె నిండుటకు నలువది సెకనులు పట్టినది. ఆ లెక్కను వేయి లీటర్లకు అరగంట దాటును. అయిదిండ్లకు రెండుగంటల ముప్పాతిక దాటును. ట్యాంకరువాడు అంతసేపు నిలువడు. గొట్టపు వెడల్పు రెండింతలైన దాని నోటి వైశాల్యము నాలుగింత లగును. కనుక ట్యాంకరు నోటికి తగిన రెండంగుళముల గొట్టము ముప్పది యడుగులు కొంటిమి. అవసరమునకు మించిన పొడవు దండుగ. పొడవు పెరిగినకొలది నీటివేగము తగ్గును, లోన నిలుచు నీరు హెచ్చును. నూరడుగుల అరయంగుళపు గొట్టములో దాదాపు నాలుగు లీటర్ల నీరు నిలుచును. మా ముప్పదియడుగుల లావు గొట్టములో పదునెనిమిది లీటర్లకు పైగా, అనగా రమారమి యొక బిందెడు నిలుచును. ఈ లెక్క దేనికనగా, గొట్టములో నిలిచిన పాతనీరంతయు పోవువరకు త్రాగునీరు పట్టరాదు. మొదటి బిందెడు మందారపు చెట్టుకు, తరువాతిది మనకు. వేసవిలో ఆ మొదటి నీరు పసివాని చేయి కాలునంత వేడిగ నుండును. దానిని పిల్లలపై బోయరాదు.

వాడుకలో మేము పాటించు నియమములు కొలదియే. ఈ గొట్టము త్రాగునీటికే. కళ్ళాపికి, బండ్లు కడుగుటకు, పశువుల కొట్టమునకు వేరొకటి. దీని కొసలకు ఎఱ్ఱ గుడ్డ పేలిక కట్టితిమి, పిల్లలు సయితము గుర్తింతురు. కొస నేల తాకరాదు. తాకినచో కడుగక లోన పెట్టరాదు. కొస సంపులోని నీటిలో మునుగరాదు. నీటికి పైన జానెడెత్తున నుండవలెను. దీనికి కారణము గలదు. నల్లాలో నీటి వేగము హఠాత్తుగ తగ్గినపుడు గొట్టము వెనుకకు బీల్చును. కొస సబ్బునీటి బకెట్టులో మునిగియున్నచో ఆ సబ్బునీరు నల్లాలోనికే పోవును. అచ్చటనుండి పొరుగింటికిని పోవును. నల్లాకు నేరుగ మోటారు తగిలించి లాగుటయు నిట్టిదే. అది నిషిద్ధము, భూమిలోని గొట్టపు పగుళ్ళనుండి మురుగును లోనికి బీల్చును.

పని తీరిన పిమ్మట గొట్టమును ఒకకొస నుండి భుజములపై నెత్తుకొని పోవుచు లోని నీరంతయు కార్చివేయవలెను. తడి నిలిచినచో లోపల జిగటపొర యేర్పడును. ఆ పొరలో సూక్ష్మక్రిములు కాపురముండును. శుద్ధజలములో రక్షణకై క్లోరిను కొంచెము మిగిలియుండవలెను. లీటరునకు 0.2 మిల్లీగ్రాములు కనీసముండవలెనని మన ప్రమాణము. జిగటపొర ఆ కొంచెమును కూడ మ్రింగివేయును. ఆరిన గొట్టమును చుట్టగ చుట్టి, రెండు కొసలు నొకదాని కొకటి తగిలించి, నీడలో గోడమేకునకు వ్రేలాడదీయవలెను. కొసలు మూసియుండుటచే బల్లులు, చీమలు, బొద్దింకలు లోన జొరవు.

వేసవి మొదటను, చాలదినములు వాడక యుంచినపుడును ఇరువది లీటర్ల నీటిలో తాజా బ్లీచింగు పౌడరు మూడు గ్రాములు, అనగా చిన్న చెంచాలో సుమారు మూడింట రెండువంతులు కలిపి, తేరిన నీటిని గుడ్డలో వడగట్టి గొట్టమున నింపవలెను. రెండు గంటలుంచి పారబోసి, వాసన పోవువరకు మంచినీటితో కడుగవలెను. పాతబడిన పౌడరునకు సత్తువ యుండదు. మరుగుదొడ్డి కడుగు ఆమ్లముతో దీనిని ఎన్నడును గలుపరాదు; ప్రాణాంతకమైన వాయువు పుట్టును.

గొట్టము కొన్న తరువాత మరియొక చిక్కు వచ్చెను. మా వీధి చివర రేకుల యింట నద్దెకున్న కుటుంబము గలదు. వారికి సంపు లేదు. రెండు డ్రమ్ములు మాత్రమే. ఆ యిల్లాలు ట్యాంకరు వచ్చినపుడెల్ల వచ్చి గొట్టము పట్టుటకు సాయపడుచుండెను. మా వీధిలో పెద్దమ్మగా రొకరు, మడి గలవారు, "ఆమె ముట్టిన గొట్టమును మన సంపులో దింపుదురా?" యని యడిగిరి. పెద్దవారు, నిష్ఠురముగ పలుకుటకు నోరు రాదు. మేము మెల్లగా, "పెద్దమ్మగారూ, మడి యనగా నీరు చెడకుండుట గదా. ఆ యమ్మాయి చేతులు సబ్బుతో కడుగుకొని, కొస నేలబడకుండ భుజముపై నెత్తుకొని నిలుచున్నది. మోరీలో బడిన కొస ఎవరి చేతిలో నున్నను మైలయే. ఎవరు ముట్టిరని కాక, ఏది ముట్టెనని చూతము" అంటిమి. పెద్దమ్మగారు బదులు పలుకలేదు. ఆ వారమునుండి ట్యాంకరులో ఆరవ వంతు చిన్నదిగ నేర్పడెను. రెండు డ్రమ్ముల నీటికి ఆ లెక్కన రూక లిచ్చి ఆ యిల్లాలు నింపుకొనుచున్నది. పెద్దమ్మగారు తమ మడిబిందెను నేటికిని వేరుగనే నింపుకొందురు. నింపునది ఆ గొట్టముతోనే.

ప్రయాణములకును ఈ శాస్త్రమే పనికివచ్చును. మేడారము జాతర రెండేండ్ల కొకమారు మాఘమాసమున జరుగును. పూర్వము బండ్లు కట్టుకొని పోయెడివారు. నేడు మన వీధులవారు డీసీఎం వ్యాను మాట్లాడుకొని వంటసామగ్రితో బోవుచున్నారు. వ్యానులో నీటి డ్రమ్ముండును. ఆగినచోట నెవరిదో గొట్టము నెరవు దెచ్చి నింపుట కంటె, ముప్పది యడుగుల సన్నని త్రాగునీటి గొట్టమును గుడ్డసంచిలో వెంట గొనిపోవుట మేలు. దానితో రెండు వాషర్లు, ఒక క్లిప్పు, నల్లా నోటికి తగులు అమరిక యొకటి యుంచుకొనవలెను. నల్లా మూతి మొదట కడిగి, కొంతసేపు నీరు విడిచి, పిదప గొట్టము తగిలింపవలెను. డ్రమ్మును నీడన నుంచి, చేయి ముంచక కాడగల గరిటెతో తీయవలెను. పసివారికి, పొట్టనొప్పి గలవారికి కాచిన నీరే యీయవలెను. గొట్టము మంచిదైనంత మాత్రమున నీటి పుట్టుక మంచిదగునా?

భగీరథుడు గంగను దెచ్చుటకు తపస్సు చేసెనని యందరు నెరుగుదురు. దిగివచ్చు గంగను పట్టుటకు శివుని జటాజూటము కావలసి వచ్చెనని మరచిపోవుదురు. నీరు వచ్చుట యొక యెత్తు. దానిని తగిన పాత్రలో నందుకొనుట మరియొక యెత్తు. 2016వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన గజ్వేలు ప్రాంతమున కోమటిబండలో ప్రారంభమైన తాగునీటి పథకమునకు భగీరథుని పేరే పెట్టిరి. నదినుండి ఊరివరకు తెచ్చుట ఏలినవారి పని. ఊరినుండి బిందెవరకుగల కడపటి ముప్పది యడుగులు మన పని; ఆ భాగమునకు అధికారియు మనమే, పరీక్షకురాలును మనమే.

సోదరీమణులారా, రేపు బిందె తోమునపుడు ఒకసారి పెరటిలోనికి బోయి గొట్టపు కొసను వెలుతురున జూడుడు. లోన పచ్చగ నున్నచో, జిగటగ నున్నచో, కంపు గొట్టినచో దానిని తోటకిచ్చి, నలుగురు పొరుగువారితో గలిసి మంచిదొకటి కొనుడు. సంపు లేని యిల్లాలిని కూడ ఆ నలుగురిలో చేర్చుకొనుడు. కొస కడుగుమని యడుగుటకు జంకవలదు. ఒకరు నోరు విప్పినచో రెండవవారు బిందెతో వత్తురు.